ఏజెంట్ ద్వారా ఇంటికి తక్కువ ధర అడగడం ఎలా

చెప్పిన ధర కంటే బాగా తగ్గించి అడగాలంటే చాలామందికి రెండు భయాలు. అమ్మేవాళ్లు చిన్నబుచ్చుకుంటారేమోనని ఒకటి, ఏజెంట్ ఇక మనల్ని లెక్కచేయరేమోనని ఇంకొకటి. రెండూ జరుగుతాయి. అయితే అంకె తక్కువైనందుకు బేరం చెడిపోవడం కంటే, ఆ అంకె ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పనందుకు చెడిపోవడమే ఎక్కువ. మీ మాటను అవతలివాళ్ల దగ్గరికి చేర్చేది ఏజెంట్. ఒట్టి అంకె ఇచ్చి పంపితే ఒట్టి అంకే చేరుతుంది. దాని వెనక లెక్క, కాగితాలు, డబ్బు సిద్ధంగా ఉందన్న రుజువు ఇచ్చి పంపితే అవన్నీ చేరతాయి.

లెక్కలు తేలిగ్గా ఉండేందుకు అమ్మేవాళ్లు చెప్పిన ధరను ఇక్కడ 100 అనుకుందాం. మీరు చూస్తున్న ఇంటి ధరను దాని స్థానంలో పెట్టి అదే నిష్పత్తిలో వేసుకోండి.

ఏజెంట్ ఎవరి తరఫున?

మొదట తేల్చుకోవాల్సింది ఇదే. ఆ ఏజెంట్ అమ్మేవాళ్ల తరఫు వ్యక్తా, మీ తరఫు వ్యక్తా, రెండు వైపులా కమిషన్ తీసుకునే మధ్యవర్తా? నేరుగా అడగండి, జవాబు మెసేజ్‌లోనైనా సరే రాతలో తీసుకోండి. అమ్మేవాళ్ల తరఫున పనిచేసే ఏజెంట్‌కు మీరు చెప్పిన ప్రతి మాటా వాళ్ల చెవిన పడుతుందనే అనుకోవాలి. రెండు వైపులా పనిచేసే ఏజెంట్ దగ్గర కూడా అంతే జాగ్రత్త.

కమిషన్ లెక్క ఒకసారి వేసి చూడండి. కమిషన్ 2 శాతం అనుకుంటే, ఇల్లు 100కు పోతే ఏజెంట్‌కు 2 వస్తుంది, 92కు పోతే 1.84 వస్తుంది. అంటే ఏజెంట్‌కు తగ్గేది 0.16 మాత్రమే, అమ్మేవాళ్లకు చేతికొచ్చేది మాత్రం 98 నుంచి 90.16కు పడిపోతుంది. ధర ఎంతన్నదాని కంటే బేరం కుదిరిందా లేదా అన్నదే ఏజెంట్‌కు ముఖ్యం. దీనికి గట్టి ఆధారమే ఉంది. స్టీవెన్ లెవిట్, చాడ్ సివర్సన్ అనే ఆర్థికవేత్తలు షికాగో ప్రాంతపు ఇళ్ల అమ్మకాలు పరిశీలించి 2008లో ప్రచురించిన పరిశోధనలో, ఏజెంట్లు సొంత ఇల్లు అమ్ముకునేటప్పుడు ఇతరుల ఇళ్లతో పోలిస్తే సుమారు తొమ్మిదిన్నర రోజులు ఎక్కువ ఆగి, సుమారు 3.7 శాతం ఎక్కువ ధర తెచ్చుకున్నారని తేలింది.

ఇందులో కొనేవాళ్లకు రెండు పాఠాలున్నాయి. కుదిరేలా కనిపించే ఆఫర్ వస్తే, ధర కాస్త తక్కువైనా, ఒప్పుకోమని అమ్మేవాళ్లకు నచ్చజెప్పే కారణం ఏజెంట్‌కు ఉంది. అదే కారణం వల్ల మీ తరఫు ఏజెంట్ కూడా ‘ఇంకొంచెం పెంచండి, అయిపోతుంది’ అని మిమ్మల్ని తొందరపెట్టవచ్చు. అందుకని మూడు విషయాలు ఏజెంట్ ముందు నోరు జారకూడదు: మీ గరిష్ఠ బడ్జెట్, మీరు ఇల్లు మారక తప్పని తేదీ, ఆ ఇల్లు మీకు ఎంత నచ్చిందన్నది. ఇల్లు చూసేటప్పుడు గదుల్లో మీలో మీరు మాట్లాడుకునే మాటలకూ ఇదే వర్తిస్తుంది. బ్యాంకు ఇచ్చే లోన్ ఆమోద పత్రంలో మీ పూర్తి అర్హత కనిపించకుండా, ఆఫర్ చేస్తున్న ధరకు సరిపడా మొత్తానికే పత్రం ఇవ్వమని బ్యాంకును అడగండి. ఈ ఒక్కటి మరిచిపోయి, కాగితం రూపంలో తమ గరిష్ఠ ధర తామే బయటపెట్టుకునేవాళ్లు చాలామంది.

ఇంటి విలువ మీరే కట్టాలి

ఆఫర్ తక్కువా ఎక్కువా అన్నది చెప్పిన ధరతో కొలవకూడదు, ఇంటి విలువతో కొలవాలి. చెప్పిన ధర అమ్మేవాళ్ల ఆశ. అది మన బుర్రలోకి ఎంత బలంగా దిగిపోతుందో 1987లో గ్రెగరీ నార్త్‌క్రాఫ్ట్, మార్గరెట్ నీల్ అనే పరిశోధకులు అమెరికాలోని టూసాన్ నగరంలో పరీక్షించి చూపారు. ఒకే ఇంటిని ఏజెంట్లకు చూపించి, ఒక్కొక్క గుంపుకు ఒక్కో ధర ఉన్న వివరాల పత్రం ఇచ్చారు. పెద్ద ధర చూసినవాళ్లు ఇంటికి ఎక్కువ విలువ కట్టారు, చిన్న ధర చూసినవాళ్లు తక్కువ కట్టారు. అనుభవం ఉన్న ఏజెంట్లే ఇలా చేశారు, పైగా చెప్పిన ధర తమ లెక్కను లాగిందని వాళ్లలో ఎక్కువమంది గుర్తించనే లేదు. కాబట్టి ‘ధర న్యాయంగానే ఉందండీ’ అని ఏజెంట్ అంటే అబద్ధమాడుతున్నారని అనుకోనక్కర్లేదు. మీ లెక్క మాత్రం మీరు వేసుకోండి.

అదే ప్రాంతంలో గత మూడు నుంచి ఆరు నెలల్లో అమ్ముడైన, వీలైనంత దగ్గరి పోలికలున్న మూడు నుంచి ఆరు ఇళ్లు ఎంచుకోండి. అమ్మకానికి పెట్టిన ధరలు పనికిరావు, అమ్ముడైన ధరలే కావాలి. కాగితం మీద రాసే ధర, నిజంగా చేతులు మారే సొమ్ము ఒకటి కాని చోట్ల రిజిస్ట్రేషన్ రికార్డు ఒక్కటే నమ్ముకోకుండా ఇద్దరు ముగ్గురు ఏజెంట్లను విడివిడిగా అడిగి సరిపోల్చుకోవాలి. తర్వాత ఒక్కో ఇంటినీ మీరు కొనబోయే ఇంటితో సమానం చేయాలి. సూత్రం తేలికే: ఆ ఇంటికి ఏదైనా ఎక్కువుంటే దాని విలువ ఆ ధరలోంచి తీసేయండి, తక్కువుంటే కలపండి.

ఉదాహరణకు, మొదటి ఇల్లు 95కు అమ్ముడైంది, విస్తీర్ణం 5 శాతం తక్కువ. విస్తీర్ణం సమానం చేస్తే 100 అవుతుంది. కానీ దానికి వంటగది, బాత్‌రూమ్‌లు కొత్తగా చేయించి ఉన్నాయి, ఆ పనుల విలువ 4. మిగిలేది 96. రెండో ఇల్లు 90కు పోయింది, అంతే విస్తీర్ణం, కారు పార్కింగ్ లేదు. పార్కింగ్ విలువ 2 కలిపితే 92. మూడోది ఆరు నెలల కిందట 94కు పోయింది, అప్పటి నుంచి ఆ ప్రాంతంలో ధరలు 2 శాతం తగ్గాయి, కాబట్టి సుమారు 92. మూడింటి సగటు 93.3. మీరు చూస్తున్న ఇంటి పైకప్పు కారుతోంది, మరమ్మతుకు మేస్త్రీ రాసిచ్చిన అంచనా 2. పోలిక ఇళ్లకు ఆ లోపం లేదు కాబట్టి అది తీసేస్తే విలువ 91.3.

ఇప్పుడు 85కు ఆఫర్ పెడితే, చెప్పిన ధర మీద 15 శాతం తక్కువగా కనిపిస్తుంది, విలువ మీద చూస్తే 7 శాతమే తక్కువ. అమ్మేవాళ్లు మొదటి అంకె చూసి ముఖం చిట్లిస్తారు. రెండో అంకె వాళ్లకు చూపించడమే మీ పని. ఒక హెచ్చరిక: లోపాన్ని రెండుసార్లు లెక్కలోకి తేవద్దు. పోలిక ఇంటి పైకప్పూ పాతదే అయి, ఆ ధరలోనే ఆ తగ్గింపు కలిసి ఉంటే, మళ్లీ తీసేయడం మీ లెక్క మొత్తానికీ చెడ్డపేరు తెస్తుంది.

అమ్మేవాళ్ల పరిస్థితి

ఒకే ఆఫర్‌ను ఒకరు నవ్వి పక్కన పెడతారు, ఇంకొకరు రాత్రంతా ఆలోచించి మర్నాడు ఫోన్ చేస్తారు. తేడా వాళ్ల పరిస్థితిలో ఉంటుంది. ఏజెంట్‌ను అడగాల్సినవి: ఎన్నాళ్ల నుంచి అమ్మకానికి ఉంది, ధర ఎన్నిసార్లు, ఎప్పుడు తగ్గించారు, ఇంతకుముందు ఆఫర్లు వచ్చి చెడిపోయాయా, ఎందుకు, ఇల్లు ఖాళీగా ఉందా, వేరే ఇల్లు ఇప్పటికే కొన్నారా, సంతకం పెట్టాల్సినవాళ్లు ఎంతమంది. ‘వాళ్లకు డబ్బు కాకుండా ఇంకేం ముఖ్యం?’ అన్న ప్రశ్న తప్పకుండా అడగండి. చాలాసార్లు అసలు దారి అక్కడే దొరుకుతుంది. పిల్లల పరీక్షలయ్యేదాకా ఇంట్లో ఉండనివ్వాలి, సామానంతా తరలించలేరు, వచ్చే నెలలోపే డబ్బు కావాలి, ఇలాంటివి.

ఇంటి మీద ఉన్న లోన్ బాకీ ముఖ్యమైన విషయం. బాకీ 90 ఉంటే, 85కు ఒప్పుకోవాలంటే అమ్మేవాళ్లు జేబులోంచి ఎదురు డబ్బు కట్టాలి. మీ లెక్క ఎంత సరైనదైనా అక్కడ బేరం సాగదు. వాళ్లు ఎంతకు కొన్నారన్నదీ తెలుసుకోండి. డేవిడ్ జెనిసోవ్, క్రిస్టఫర్ మేయర్ అనే ఆర్థికవేత్తలు 1990ల నాటి బోస్టన్ అపార్ట్‌మెంట్ల అమ్మకాలు పరిశీలించి 2001లో రాసిన పరిశోధన ప్రకారం, కొన్న ధర కంటే తక్కువకు అమ్మాల్సి వచ్చినవాళ్లు ఆ నష్టంలో 25 నుంచి 35 శాతం దాకా తాము చెప్పే ధరకు కలిపేస్తున్నారు. ఇలాంటివాళ్ల ముందు మార్కెట్ లెక్క ఎంత వల్లించినా లాభం తక్కువ. కొన్న ధర కంటే ఒక్క రూపాయైనా పైన ఉన్న అంకె వాళ్లకు మింగుడుపడుతుంది, దాని కింద అంకె పడదు. ఎప్పుడో చాలా తక్కువకు కొన్నవాళ్లు, వారసత్వంగా ఇల్లు వచ్చినవాళ్లు ఈ విషయంలో తేలిగ్గా ఉంటారు. అయితే వారసులు పదిమంది ఉంటే ఒప్పుకోవాల్సిన సంతకాలూ పదే, దానికి ఓపిక పట్టాలి.

అమ్మకానికి పెట్టి రెండు వారాలు కూడా కానప్పుడు బాగా తగ్గించి అడగడం సాధారణంగా వృథా. వాళ్ల ఆశ ఇంకా తాజాగా ఉంటుంది. ఒకటికి మించి ఆఫర్లు ఉన్నప్పుడు, లేదా చెప్పిన ధరే విలువ కంటే తక్కువగా ఉన్నప్పుడు అసలే వద్దు.

ఎంత అడగాలి, ఎలా పెంచాలి

ఏజెంట్‌తో మాట్లాడకముందే మూడు అంకెలు కాగితం మీద రాసుకోండి: ఇది దాటితే వదిలేస్తాం అన్న గరిష్ఠ ధర, కుదిరితే బాగుంటుందన్న ధర, మొదటి ఆఫర్. మన ఉదాహరణలో 92, 90.5, 85. గరిష్ఠం మీద ఇంట్లోవాళ్లందరికీ ముందే ఏకాభిప్రాయం ఉండాలి. బేరం మధ్యలో ఆ అంకెను పెంచడం మొదలుపెడితే దానికి అంతుండదు.

చెప్పిన ధర మీద 5 నుంచి 10 శాతం తక్కువ అడగడం మామూలు బేరం. 10 నుంచి 20 శాతం తక్కువ అయితే కాగితం మీద ఆధారం ఉండాలి. అంతకు మించి తక్కువ అయితే ఇంటికి పెద్ద లోపం ఉండాలి, లేదా చాలాకాలంగా అమ్ముడుపోకుండా ఉండాలి, లేదా చెప్పిన ధరే గాల్లో ఉండాలి. మార్కెట్‌ను బట్టి ఈ హద్దులు మారతాయి. కొనేవాళ్లు ఎగబడుతున్న రోజుల్లో 5 శాతం కూడా తక్కువ ఆఫరే.

గుండ్రటి అంకె వద్దు. 85 కంటే 84.7 మేలు. మాలియా మేసన్ అనే పరిశోధకురాలు, ఆమె సహచరులు 2013లో ప్రచురించిన ప్రయోగాల్లో, కచ్చితమైన అంకె చెప్పినవాళ్లను అవతలివాళ్లు విలువ తెలిసినవాళ్లుగా భావించి, ఎదురు ధర దానికి దగ్గరగా చెప్పారు. అయితే ఆ అంకె ఎలా వచ్చిందని ఏజెంట్ అడిగితే మీ దగ్గర కూడిక తీసివేతలు ఉండాలి.

పెంచేటప్పుడు ప్రతిసారీ ముందుకంటే తక్కువ పెంచండి. 85 తర్వాత 88, ఆ పైన 89.7, ఆ పైన 90.6. అంటే పెంపు 3, తర్వాత 1.7, తర్వాత 0.9. మీ చివరి అంకె దగ్గరపడుతోందని ఈ తగ్గే పెంపే చెబుతుంది. మూడేసి చొప్పున పెంచుతూ పోతే, ఇంకో మూడు ఉందనే అనుకుంటారు.

ఇక్కడ జరిగే పెద్ద తప్పు, జవాబు రాకముందే పెంచడం. ఏజెంట్ ఫోన్ చేసి ‘వాళ్లు చాలా ఎక్కువ ఆశిస్తున్నారు, ఇంకెంత పెంచగలరు?’ అంటారు. అవతలి నుంచి కొత్త అంకె రానిదే మీరు కదలకూడదు, కదిలితే మీతో మీరే బేరమాడుకుంటున్నట్టు. ‘వాళ్ల అంకె ఎంతో చెప్పండి, చూసి చెప్తాం’ అనండి. రెండో తప్పు ‘మధ్యలో కలుద్దాం’ అన్న మాటకు లొంగిపోవడం. మీరు 85 అని, వాళ్లు 98 అంటే మధ్య 91.5, మీ గరిష్ఠంలోపే ఉంది. మీరు తొందరపడి 88కి వెళ్లాక వాళ్లు 98 దగ్గరే నిలబడి మధ్యకు రమ్మంటే అది 93, మీ గరిష్ఠం దాటిపోయింది. ప్రతి అడుగుకు ముందు ఈ సగం లెక్క వేసుకోండి.

ఆఫర్‌లో ఏం రాయాలి

నోటిమాటగా పంపిన తక్కువ ఆఫర్ దారిలో ఇంకా చిన్నదైపోతుంది. ‘ఎవరో 85 అంటున్నారు’ అన్న ఒక్క వాక్యంగా చేరుతుంది. ఒక పేజీలో రాసి పంపండి: ధర, అడ్వాన్స్ ఎంత, ఎప్పుడు ఇస్తారు, మిగతా సొమ్ము ఎలా వస్తుంది, రిజిస్ట్రేషన్ ఎన్ని రోజుల్లో, ఇంటితోపాటు ఏ సామాను ఉంచాలి, ఏ షరతులు, ఆఫర్ ఎప్పటిదాకా. గడువు 48 నుంచి 72 గంటలు చాలు. సంతకాలు పెట్టేవాళ్లు వేర్వేరు ఊళ్లలో ఉంటే వారం ఇవ్వండి. గడువు లేని ఆఫర్‌ను చూపించి ఇంకొకరి దగ్గర ధర పెంచుకోవడం చాలా తేలిక.

ధర వెనక కారణం రాసే భాగం ఇలా ఉంటే సరిపోతుంది:

‘ఇల్లు మాకు అనువుగా ఉంది. గత ఆరు నెలల్లో ఇక్కడ అమ్ముడైన మూడు ఇళ్ల వివరాలు, పైకప్పు మరమ్మతు అంచనా జతచేశాం. వాటిని బట్టి మా ఆఫర్ 84.7. లోన్‌కు బ్యాంకు ఆమోద పత్రం కూడా జతచేశాం. రిజిస్ట్రేషన్ తేదీ మీ వీలును బట్టి పెట్టుకుందాం. శుక్రవారం సాయంత్రం 6 గంటల వరకు ఈ ఆఫర్ ఉంటుంది.’

ఇంటిని తిట్టే మాట ఒక్కటీ ఉండకూడదు. ‘వంటగది పాతబడింది, రంగులు బాగోలేవు’ అని రాస్తే, ఇన్నాళ్లూ అందులో బతికినవాళ్లకు అది తమను అన్నట్టే ఉంటుంది. మరమ్మతు ఖర్చు అంచనా మాత్రం ఎవరినీ నొప్పించదు.

ధరలో తగ్గించిన దానికి బదులు షరతుల్లో ఏమివ్వగలరో చూడండి. అడ్వాన్స్ ఎక్కువ ఇవ్వడం, వాళ్లడిగిన తేదీకి రిజిస్ట్రేషన్ పెట్టుకోవడం, రిజిస్ట్రేషన్ అయ్యాక నెలో రెండు నెలలో అద్దెకు ఉండనివ్వడం, వదిలేసిన సామాను మీరే తీయించుకోవడం, చిన్నచిన్న మరమ్మతులు అడగకపోవడం. కానీ మూడు షరతులు ఏ తగ్గింపు కోసమూ వదలొద్దు: హక్కు పత్రాలు సరిగ్గా ఉండాలన్నది, లోన్ మీద కొంటుంటే లోన్ రావాలన్నది, నిపుణులతో ఇంటి తనిఖీ జరగాలన్నది. ఇవి నెరవేరకపోతే అడ్వాన్స్ ఎన్ని రోజుల్లో తిరిగివ్వాలో కూడా రాయించండి.

ఏజెంట్ ఆఫర్ పంపడానికి వెనకాడితే

‘ఇంత తక్కువ చెప్తే నా పరువు పోతుంది’ అనే ఏజెంట్లు ఉంటారు. అందులో కొంత నిజముంది, ఆధారం లేని ఆఫర్లు మోసుకెళ్లే ఏజెంట్ మాటకు తర్వాత విలువ ఉండదు. వాదించకుండా కాగితాలు చేతికిచ్చి, ‘ఈ లెక్కలో ఎక్కడ తప్పుందో చూపించండి, సరిచేసుకుంటాం. తప్పు లేకపోతే ఇలాగే పంపండి, వాళ్ల జవాబు రాతలో ఇప్పించండి’ అనండి. చాలాచోట్ల వచ్చిన ఆఫర్‌ను అమ్మేవాళ్లకు తెలియజేయడం ఏజెంట్ బాధ్యత. బ్రిటన్‌లో 1991 నాటి ఉత్తర్వు ఆఫర్లను వెంటనే, రాతలో తెలపాలంటుంది. అమెరికాలో రియల్టర్ల జాతీయ సంఘం నీతి నియమావళిలోనూ ఆఫర్లను వీలైనంత త్వరగా అందించాలని ఉంది. ఫలానా ధర కింద అయితే తీసుకురావొద్దని అమ్మేవాళ్లే చెప్పి ఉంటే, ఆ సంగతి మీకూ తెలిసిపోయినట్టే, అది పనికొచ్చే సమాచారం.

ఒకే ఇంటికి ఇద్దరు ఏజెంట్ల ద్వారా ఆఫర్ పంపొద్దు. రెండు అంకెలు వేర్వేరుగా చేరితే పెద్దదే లెక్కలోకి వస్తుంది, పైగా కమిషన్ గొడవ మొదలవుతుంది.

జవాబు వచ్చాక

ఎదురు ధర వస్తే మంచిది, బేరం మొదలైంది. ఒట్టి ‘కుదరదు’ వస్తే మర్యాదగా ధన్యవాదాలు చెప్పి, పరిస్థితి మారితే కబురు చేయమని ఏజెంట్‌కు రాసిపెట్టి, ఇంకో ఇల్లు చూడడం మొదలుపెట్టండి. మూడు నాలుగు వారాలయ్యాక ఇల్లు ఇంకా అలాగే ఉంటే అదే ఆఫర్ మళ్లీ పంపవచ్చు. అప్పటికి ఆ ప్రాంతంలో కొత్త అమ్మకం ఏదైనా జరిగి ఉంటే దాన్నీ జతచేయండి. ‘ఇంకొకరు ఎక్కువ ఇస్తామంటున్నారు’ అన్న మాట నిజం కావచ్చు, కాకపోవచ్చు. దాన్ని తేల్చుకునే ప్రయత్నం వద్దు. మీ గరిష్ఠం ముందే రాసుకున్నారు కాబట్టి, దాని లోపల ఇవ్వగలిగిన చివరి అంకె ఒక్కసారి చెప్పి ఆగండి.

ఒప్పుకున్నాక తనిఖీలో కొత్త లోపం బయటపడితే ధర మళ్లీ మాట్లాడటం సబబే. ముందే తెలిసి, ఆఫర్‌లో తీసేసిన పైకప్పును మళ్లీ తేవడం మాత్రం సబబు కాదు, అక్కడ చాలా బేరాలు చెడిపోతాయి. బ్యాంకు కట్టిన విలువ ఒప్పుకున్న ధర కంటే తక్కువ వస్తే ఆ నివేదికను అమ్మేవాళ్లకు చూపించండి. బ్యాంకులు సాధారణంగా ఆ రెండింటిలో తక్కువదాని మీదే లోన్ లెక్కకడతాయి కాబట్టి, మిగతా తేడా ధరలో తగ్గాలి, లేదా మీ చేతి నుంచి పడాలి.

అమ్మేవాళ్లందరి సంతకాలతో ఒప్పుకోలు చేతికొచ్చేదాకా అడ్వాన్స్ ఇవ్వకండి. ఏజెంట్ ఫోన్‌లో ‘ఒప్పుకున్నారు’ అన్నంత మాత్రాన సరిపోదు. ఇచ్చేటప్పుడు బ్యాంకు ద్వారా, రసీదుతో ఇవ్వండి. గడువులోగా జవాబు రాకపోతే ఆఫర్ వెనక్కి తీసుకుంటున్నట్టు ఒక చిన్న మెసేజ్ పంపి, దాని కాపీ దగ్గర ఉంచుకోండి, ముఖ్యంగా మీరు ఇంకో ఇంటికి ఆఫర్ పెట్టబోతుంటే.